గారి పద్యం: టీకా తాత్పర్యం

అవతారిక

ఈ పద్యకర్త మా అప్ప కొడుకు. పలాసవాడు. వేసవి సెలవులకు విజయనగరం వచ్చినప్పుడల్లా అరుగు మీద కూర్చోబెట్టి గురువులూ లఘువులూ నేర్పినవాణ్ణి నేనే గనుక, పద్యంలో దోషాలుంటే ఆ పాపంలో సగం నాది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరినీ జీడినీ నేలమీద పరిచేసి పోయింది. వాళ్ళ తోటలో నిలబడి ఉన్న చెట్లు వేళ్ళ మీద లెక్కకొచ్చాయి. "పిక్క మన చెట్టుకి నేకపోతే, పిక్క ఉన్న కాడికే ఎల్తాను మావా" అని మరుసటేడు టాంజానియా వెళ్ళాడు.

ఇందులో అతిశయోక్తి లేదు. పలాస కార్ఖానాల్లో బద్దలయ్యే జీడిపిక్కల్లో ఆఫ్రికా నుంచి ఓడ దిగి వచ్చేవి చాలా ఉంటాయి. దారెస్సలాంలో ఉంటూ, కోతల కాలంలో దక్షిణాన మ్త్వారా దాకా పోయి, గోనెలోంచి గుప్పెడు పిక్కలు తీసి, కోసి, ఇన్ని మంచివి ఇన్ని పుచ్చులు అని చెప్పడం వాడి ఉద్యోగం. పుచ్చు పట్టడంలో నేర్పరి. అంతటివాడూ ఒక పాత టయోటా ఐఎస్‌టీ దగ్గర మోసపోయాడు. మోసపోయాడనడం కూడా న్యాయం కాదు. బండి మంచిదే. దాని చుట్టూ ఉన్న లెక్కలో ఉంది పుచ్చు.

మరమ్మతు షెడ్డు వాడిచ్చిన బిల్లు వెనక ఈ ఆటవెలది రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. మూల ప్రతిలో రెండో పాదం మీద ఇంజనాయిల్ మరక ఉంది. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మల్లినాథసూరి ప్రతిజ్ఞ. ఆయనకు కారు లేదు గనుక చెల్లింది. నేను అంత మాట ఇవ్వలేను.

మూలం

కొన్న ధరకు పన్ను కొండంత తోడాయె
పన్ను వెనుక బీమ పక్క జేరె
గతుకు దారి టైరు గారెగా మారెను
గారి నడుపు నాకు గాలి మిగిలె

ప్రతిపదార్థం

కొన్న ధరకు = జపానులో ఎవరో వాడి వదిలేసిన బండికి, కంప్యూటరు తెరమీద బొమ్మ చూసి, ముట్టుకోకుండా, తట్టి చూడకుండా కట్టిన సొమ్ముకు; పన్ను = సుంకము; కొండంత = మహేంద్రగిరి అంత (కవి మందస మీదుగా బస్సులో తిరిగినవాడు గనుక ఈ కొండే గ్రాహ్యం); తోడాయె = సాయమయ్యెను అని పైకి, కూడికలో తోడయ్యెను అని లోపల; పన్ను వెనుక = అది తీరీ తీరకముందే; బీమ = బీమా; పక్క జేరె = అడక్కుండానే వచ్చి కూర్చుండెను; గతుకు దారి = గతుకుల దారియందు; టైరు = చక్రముయొక్క రబ్బరు తొడుగు; గారెగా మారెను = నడుమ తూటుపడినదయ్యెను; గారి నడుపు = కారు తోలెడి; నాకు = కవికి; గాలి = వాయువు; మిగిలె = శేషించెను.

తాత్పర్యం

బండి కొన్నాను. తక్కినది పైన చెప్పినదే.

విశేషాలు

ఒకటో పాదం. "తోడు" అన్న మాట దగ్గర పాఠకుడు ఆగాలి. వాడి లెక్కే ఇస్తాను. బండి ఖరీదు, ఓడ కిరాయి, దారిలో ఓడ మునిగితే అన్న భయానికి కట్టేది, అన్నీ కలిపి నూరు షిల్లింగులనుకోండి. రేవులో దిగగానే దిగుమతి సుంకం 25. నూట ఇరవై అయిదయింది. దాని మీద, ఇంజను వెయ్యి సీసీ దాటి రెండు వేల లోపు కనుక ఎక్సైజు 5 శాతం; బండి పుట్టి పదేళ్ళు దాటింది కనుక, వృద్ధాప్యానికి శిక్షగా, ఇంకో 30 శాతం. నూట అరవై ఎనిమిది ముప్పావలా. ఈ మొత్తం మీద వ్యాట్ 18 శాతం. నూట తొంభై తొమ్మిది. రైలు మార్గాలకని ఒకటి, కాగితాలు తిప్పినందుకని ఒకటి వేసేసరికి రెండొందలు దాటింది.

వ్యాకరణంలో ఒక మాటను రెండుసార్లు పలికితే రెండో దానికి ఆమ్రేడితమని పేరు. ఇక్కడ సుంకం మీద ఎక్సైజు, ఆ రెంటి మీద వ్యాట్. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం రాశాడు గనుక, ఆమ్రేడితానికి మళ్ళీ ఆమ్రేడితం వస్తే ఏం చెయ్యాలో విధించే అవసరం ఆయనకు కలగలేదు.

పూర్వపక్షం: అయితే తక్కువకు కొన్నట్టు రసీదు చూపిస్తే పోదా? సమాధానం: పోదు. ఏ బండి, ఏ ఏడాది, ఎంత విలువ అని అక్కడి పన్నుల శాఖ దగ్గర సొంత పట్టిక ఉంది. నీ రసీదు వాళ్ళ పట్టిక కంటే చిన్నదైతే పట్టికదే ప్రమాణం. మరి కొత్తది కొంటే ఆ ముప్పై శాతం మిగులుతుంది కదా? మిగులుతుంది. కొనడానికి డబ్బే మిగలదు. పక్కనున్న కెన్యా అయితే ఎనిమిదేళ్ళు దాటిన బండిని రేవులోకే రానివ్వదు. టాంజానియా రానిస్తుంది, వచ్చాక చెబుతుంది.

అన్నట్టు టాంజానియా రేవుల్లోంచే మన పిక్కలు ఎదురు దారిన వస్తాయి. 2018 బడ్జెట్లో పచ్చి పిక్క మీద సుంకాన్ని మన ప్రభుత్వం 5 నుంచి 2.5 శాతానికి దించింది. పిక్కకున్న మర్యాద మనిషి ఎక్కే బండికి లేదు.

రెండో పాదం. "బీమా" అని దీర్ఘం ఉండాలి. "బీమ" అని హ్రస్వం చేశాడు. ఛందస్సు కోసమని సరిపెట్టుకోవచ్చు గాని, చేతిలో ఉన్నదానిలోనే సర్దుకోవడం కవికి అలవాటై ఉంటుందని నా ఊహ. అలంకారం కారణమాల. బీమా బండి విలువను బట్టి ఉంటుంది; అన్ని నష్టాలకూ వర్తించేదైతే విలువలో సుమారు మూడున్నర శాతం. బండికి అక్కడి బజారులో విలువ పెరిగిందే పన్ను వల్ల. కాబట్టి పన్ను బీమాను కన్నది. వాడు పద్యంలో "వెనుక" అన్న చోట నేనైతే "కడుపున" అని ఉండేవాణ్ణి, యతికి అడ్డేమీ లేదు గాని గణం ఒప్పుకోదు.

ఈ పాదంలో కవి చెప్పకుండా వదిలేసినది ఒకటుంది. స్వాహిలీలో బీమాను బీమా అనే అంటారు. డబ్బు పేసా. ఆటోను బజాజీ అంటారు, కంపెనీ పేరే దానికి పేరయింది. కారు పేరు గారి. మన హిందీ గాడీయే సముద్రం దాటి వెళ్ళి అక్కడ స్థిరపడింది. ఖర్చుకు సంబంధించిన ఈ మాటలన్నీ మనవే. వాడు బండి తోలుతూ రోజంతా మన మాటలకే డబ్బు కడుతున్నాడు.

మూడో పాదం. పద్యానికి ప్రాణం ఇదే. గారె రూపం టైరుకు రావడం పరిణామాలంకారం. ఉపమ అనే వాళ్ళున్నారు, వాళ్ళు పంక్చరు చూడలేదు. దారెస్సలాం నుంచి మ్త్వారాకు సుమారు 550 కిలోమీటర్లు, తారు రోడ్డే. అయితే 2024 మే నెలలో హిదాయా తుఫాను ఆ దారిని మధ్యలో కోసేసింది. తుఫాను తరిమితే వెళ్ళినవాడికి అక్కడా తుఫానే ఎదురొచ్చింది. తారు ఎక్కడ ఆగుతుందో, పిక్కల గోదాము అక్కణ్ణుంచి మొదలవుతుంది. ఎర్రమట్టి. వానకు గుంటలు కనబడవు, ఎండకు ధూళిలో కనబడవు. రోడ్డు బాగున్నచోట ఊరు వస్తే గంటకు యాభై కిలోమీటర్ల హద్దు. తెల్లబట్టల ట్రాఫిక్ పోలీసు చెట్టు నీడన వేగం కొలిచే యంత్రం పట్టుకొని ఉంటాడు. జరిమానా ముప్పై వేల షిల్లింగులు. మన డబ్బులో దగ్గర దగ్గర వెయ్యి రూపాయలు. గతుకు ఉన్నచోట గతుకు తీసుకుంటుంది, లేనిచోట వాళ్ళు తీసుకుంటారు.

పెట్రోలు మీద ఒక్క ముక్కైనా రాయలేదేమని అడిగాను. "లీటరు మన విజీనారం లాగే ఉంది మావా, దాని మీద పద్యమేటి రాస్తాను" అన్నాడు. బాధ కొత్తదైతేనే కవిత్వమని వాడి సిద్ధాంతం.

టైరు కోసం, అద్దం కోసం, బేరింగు కోసం పోవలసిన బజారు కారియాకూ. "కారు" శబ్దం ఉంది కదా అని నేను వ్యుత్పత్తి సాధించబోయాను. వాడు ఆపాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి మూటలు మోసిన ఆఫ్రికా కూలీల దళం పేరు క్యారియర్ కోర్. వాళ్ళు ఉన్న చోటది. పేరు అరిగి కారియాకూ అయింది. రోడ్లు లేనిచోట, బళ్ళు దిగబడేచోట, మందుగుండూ తిండీ మనిషి నెత్తి మీద నడిచాయి. ఆ మోతలో చచ్చిపోయినవాళ్ళు పదుల వేలమంది. ఇప్పుడక్కడ షాకబ్జార్బర్లు దొరుకుతాయి.

ఈ మోత సంగతి విన్నప్పుడు నాకు రంగం గుర్తొచ్చింది. మన శ్రీకాకుళం, విశాఖపట్నం తీరం జనం ఓడలెక్కి వెళ్ళిన రంగూనును మన ముసలివాళ్ళు రంగం అనేవారు. అక్కడి రేవులో మూటలు మోసిందీ, వీధుల్లో రిక్షాలు లాగిందీ మనవాళ్ళే. 1930 మే నెలలో రేవు కూలి పని విషయంలో అల్లర్లు రేగి, మనవాళ్ళు ఎందరో చచ్చిపోయారు. మనం ఒకప్పుడు విదేశం వెళ్ళి బండి కొనలేదు. బండికి బదులు వెళ్ళాం. ఈ విశేషం పద్యంలో లేదు. మల్లినాథుడు క్షమించుగాక.

నాలుగో పాదం. "గారి" అన్నది అన్యదేశ్యం, పైన చెప్పాను. మా వీధిలో ఒకాయన దీన్ని గౌరవార్థకమైన "గారు" శబ్దానికి షష్ఠి అనుకొని, "ఏ గారి కారు నడుపుతున్నాడు, డ్రైవరు పనా?" అని అడిగాడు. అప్పకు కూడా ఈ అనుమానం ముందే ఉంది. కారు ఫొటో వచ్చిన రోజున నంబరు ప్లేటు పసుపుపచ్చగా ఉండటం చూసి, పెద్ద చదువు చదివించిన కొడుకు పరదేశంలో టాక్సీ తోలుతున్నాడని రెండు పూటలు అన్నం మానేసింది. టాంజానియాలో పసుపు ప్లేటు సొంత బళ్ళకే పెడతారు, మన ఆచారానికి అది తలకిందులు. ఈ సంగతి చెప్పి నమ్మించేసరికి నాకు మూడు ఫోన్లయ్యాయి.

పూర్వపక్షం: ఇంత బాధ ఎందుకు, బస్సెక్కకూడదా? అక్కడ దాలాదాలా అనే చిన్న బస్సులున్నాయి. 2016 నుంచి ప్రత్యేకంగా కేటాయించిన దారిలో పెద్ద బస్సులూ ఉన్నాయి. అవి బజారుకు పోతాయి, పిక్కల గోదాముకు పోవు. పైగా తెల్లవారుజామున నమూనా సంచులతో బయల్దేరినవాడు చీకటి పడ్డాక తిరిగిరావాలి. అక్కడ కారు వైభవం కాదు, కాళ్ళు. కాళ్ళకు మాత్రం పక్కటద్దాలుండవు. అద్దాలూ లైట్లూ ఊడబెరికి పట్టుకుపోతారని వాటి మీద కూడా బండి నంబరు చెక్కించుకున్నాడు. దానికీ ఖర్చయింది.

ఉత్తరపక్షం ఒకటుంది, న్యాయంగా చెప్పాలి. పన్ను బండి విలువను పెంచింది కదా, అమ్మేటప్పుడు అది తిరిగి రావాలి. వస్తుంది కూడా, నిదానంగా అమ్మగలవాడికి. పరదేశి అలా అమ్మలేడు. పర్మిటు రెండేళ్ళకోసారి తేలుతుంది. తేలకపోతే టికెట్టు కొనుక్కోవాలి. కొనేవాడు కూడా చాలాసార్లు మన దేశంవాడే, అప్పుడే దిగినవాడు. వాడు మొదట బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడగడు. "అన్నా, మీ ఫ్లైటు ఎప్పుడు?" అని అడుగుతాడు. ఆ తేదీ ఎంత దగ్గరయితే ధర అంత కిందకు దిగుతుంది.

పాఠాంతరం

"గాలి మిగిలె" అన్నచోట "జోలె మిగిలె" అని ఉండవచ్చునని ఒక మిత్రుడు సూచించాడు. అర్థానికి బాగుంటుంది గాని గకారానికీ జకారానికీ యతి చెల్లదు. కాబట్టి "గాలి"యే సాధువు. గాలి అంటే శూన్యం. ఇంత ఖర్చు చేసినవాడికి చివరికి శూన్యం మిగిలిందని కవి హృదయం. రసం కరుణ.

ఈ వ్యాఖ్య అంతా రాసి, పలాస ఫోన్ చేసి అప్పకు చదివి వినిపించాను. పద్యం రెండుసార్లు చదివించుకుంది. టీక మొత్తం విని, కరుణరసం దగ్గర ఆపింది.

"గాలి మిగిలింది అంతన్నాడు కదరా గుంటడు. మరేటి లోటు? గాలుంటే బండి నడుస్తాది."

మూడో పాదంలో టైరు తూటుపడిందని, గాలి ఎలా ఉంటుందని నేను ఆక్షేపించాను.

"ఒక టైరే కదేటి. ఇంకా మూడున్నాయి. వెనకాల డిక్కీలో ఇంకోటి ఉంటాదని వాడే సెప్పినాడు."