పిలకాయల్ని ఎవరు చూసుకుంటారు మేడమ్?

మార్చి నెల వస్తే తిరుపతిలో శాలువాలకు గిరాకీ. మహిళా దినోత్సవ సభలో తెలుగు అధ్యాపకురాలు ఒకామె వేదిక మీద కూర్చుని ఉంటుంది. పాతికేళ్లు పాఠం చెప్పింది, నాలుగు పుస్తకాలు రాసింది. పరిచయం చేసే పెద్దమనిషి ఆ పుస్తకాల పేర్లు తడబడుతూ చదివేసి, తనకు బాగా వచ్చిన భాగంలోకి దిగుతాడు. భర్త ఎవరు, పిల్లలు ఏ దేశంలో స్థిరపడ్డారు, ఇంత రాస్తూ కూడా ఏనాడూ వంట మానలేదు, అన్ని పాత్రలకూ న్యాయం చేసింది. చప్పట్లు. ఆ పుస్తకాల్లో ఏముందో చివరిదాకా ఎవరికీ తెలియదు గానీ, ఆమె సాంబారు మీద మాత్రం సభకు గట్టి నమ్మకం కుదురుతుంది.

తర్వాత విలేకరి వంతు. "ఇంట్లో పిలకాయల్ని ఎవరు చూసుకుంటారు మేడమ్? ఎట్లా మేనేజ్ చేస్తారు?"

ఈ ప్రశ్నకు ఒక వింత జబ్బు ఉంది. మగవాళ్ల దగ్గరికి వచ్చేసరికి దానికి నోరు పెగలదు. దామలచెరువులో బడిపంతులుగా బతికిన మధురాంతకం రాజారాం గొప్ప కథలు రాశారు, 1993లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు. కొడుకు నరేంద్ర శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ రాసి, 2022లో 'మనోధర్మపరాగం' నవలకు అదే పురస్కారం తెచ్చుకున్నారు. పాఠాలు, రచన, సంతానం మూడూ ఉన్న ఇల్లే అది. ఆ కథల గొప్పతనంతో ఎవరికీ పేచీ లేదు. కానీ అలాంటి రచయితల సభలో ఎవరైనా లేచి "ఒక చేత్తో బిడ్డకు నీళ్లుపోస్తూ, మరో చేత్తో కథాశిల్పం చెక్కిన మహానుభావుడు" అన్నారనుకోండి, జనం ఘొల్లుమంటారు. ఆడమనిషి విషయంలో అదే వాక్యానికి కళ్లు తుడుచుకుంటారు.

కొండ మీదికి పోదాం. తిరుమలలో రాత్రి ఏకాంత సేవ వేళ స్వామికి తాళ్లపాక వంశీకులు లాలి పాడతారు, తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి ఇస్తారు. తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి అన్నది ఈ సీమలో పాత మాటే. అంటే ఇక్కడ లాలి మగవాళ్లది! ఇంటింటా తల్లులు పాడే 'జో అచ్యుతానంద' కూడా అన్నమయ్యదే. దేవుణ్ణి నిద్రపుచ్చడం వంశపారంపర్యంగా వచ్చిన గౌరవం. పిల్లాణ్ణి నిద్రపుచ్చడం మాత్రం ఆడదాని సహజగుణం, దానికి ఏ మర్యాదా లేదు.

ఆ అన్నమయ్య ఇంట్లోనే ఇంకో కవి ఉంది. భార్య తిమ్మక్క. 'సుభద్రా కల్యాణం' రాసింది. తెలుగులో తొలి కవయిత్రిగా చాలామంది ఆమెనే చెబుతారు. భర్త సంకీర్తనలు 32 వేలని ప్రతీతి, అందులో వేలాదిగా రాగిరేకుల మీద దొరికాయి. ఆమెది మనకు మిగిలింది ఒక్క కావ్యం. రేకులు చెక్కించేటప్పుడు ఆమె వంతు రాలేదో, అసలు రాసే తీరికే దొరకలేదో! సంసారం ఎట్లా నెట్టుకొచ్చారని అడగాలంటే అన్నమయ్యనే అడగాలి. ఆ కాలంలో విలేకరులు లేకపోవడం ఆయన అదృష్టం.

వెంగమాంబ కథ ఇంకా బాగుంటుంది. చిన్ననాడే భర్త పోయాడు. పిల్లలు లేరు. తరిగొండ వదిలి కొండెక్కి, 1817లో కన్నుమూసేలోగా 'వేంకటాచల మాహాత్మ్యం', 'ద్విపద భాగవతం', యక్షగానాలు, యోగం మీద గ్రంథాలు రాసింది. పొయ్యీ ఉయ్యాలా పిలవకపోతే ఒక ఆడమనిషి ఎంత రాయగలదో ఆ జాబితా చూస్తే తెలుస్తుంది. మరి ఆమెకు మనమేం చేశాం? పేరుకు ముందు 'మాతృశ్రీ' చేర్చి, 2011లో తిరుమలలో తెరిచిన అన్నప్రసాద భవనానికి పెట్టాం. ఆమె అన్నదానం చేసిన మాటా నిజమే, రోజూ వేలమంది ఆకలి తీరే చోటు చిన్నదేమీ కాదు. అయినా బిడ్డలే లేని పండితురాలిని కూడా తల్లిని చేసి భోజనశాలలోనే నిలబెట్టిన మన నేర్పు మామూలుది కాదు.

ఇక లెక్కలు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు పెడితే, మగవాళ్లు పెట్టేది 88. ఆ 88 కూడా పని ముట్టుకున్న మగవాళ్లదే, ముట్టుకోని మహారాజులు ఆ సగటులోకే రారు. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే పని లెక్క మళ్లీ వేరు. కాలేజీ వేళలు, ఈ నిమిషాలు కలిపి తీసేస్తే అధ్యాపకురాలి చేతిలో మిగిలేది నిద్ర ఒక్కటే. అందుకే వక్తలకు తెల్లవారుజామంటే అంత మోజు. "నాలుగింటికే లేచి రాసుకుంటారట!" అని మురిసిపోతారు. బాగా చదువుకున్న వక్త అయితే టోనీ మోరిసన్‌నూ లాక్కొస్తాడు. ఇద్దరు కొడుకుల్ని ఒంటరిగా పెంచుతూ, ఉద్యోగం చేస్తూ, చీకటితో లేచి రాసి 1993లో నోబెల్ తెచ్చుకుందని. ఆమె ఆ వేళకు లేచింది పిల్లలు నిద్రలేస్తే రాయడం కుదరదనే. ఈయన మాత్రం దాన్నొక వ్రతంగా మార్చి, కథ చివర ఫలశ్రుతి కూడా చెప్పేస్తాడు.

పొగడ్తల్లో ఇంత ఉదారంగా ఉండేవాళ్లం, సెలవు దగ్గర చేయి బిగిస్తాం. ఆడపిల్లల కోసం 1983లోనే విశ్వవిద్యాలయం పెట్టుకున్న ఈ ఊళ్లో తల్లి తీరిక జీతం ఇచ్చేవాళ్లను బట్టి మారుతుంది. కేంద్ర ఉద్యోగినికి శిశు సంరక్షణ సెలవు సర్వీసు మొత్తానికి 730 రోజులు. రాష్ట్ర ఉద్యోగినికి మొదట 60, 2022 నుంచి 180. పిల్లల జ్వరం మాత్రం రెండు ఇళ్లలోనూ ఒకే డిగ్రీ. తండ్రికి ఆ సెలవు కావాలంటే కేంద్రంలోనైనా ఒంటరి తండ్రి అయి ఉండాలి, పెళ్లాం ఉన్నవాడికి పిల్లలు లేనట్టే లెక్క. పీహెచ్‌డీ చేసే ఆడపిల్లకు యూజీసీ 240 రోజులు ఇస్తుంది, అదీ పరిశోధన మొత్తానికి ఒక్కసారే. రెండో బిడ్డ నిబంధనలు తెలుసుకుని పుట్టాలి.

గంటల లెక్కన చెప్పే గెస్ట్ లెక్చరర్‌కు ఈ గొడవే లేదు. రాని గంటకు పైసా లేదు. స్త్రీవాద కవిత్వం యూనిట్ ఆమెకే వేస్తారు. మధ్యలో ప్రసవం వస్తే మిగతా పోర్షన్ పక్క గది మాస్టారు రెండు క్లాసుల్లో లాగించేస్తారు. పరీక్షలో పది మార్కుల ప్రశ్న మాత్రం అందులోంచే వస్తుంది.