బొమ్మ దద్దరిల్లింది, మాటే వినపడలేదు

శైవ వైష్ణవ గొడవలు ఎప్పుడో సద్దుమణిగాయి. ఆ లోటు తెలియకుండా ఇప్పుడు సినిమా శబ్ద పద్ధతులైన డాల్బీ, డీటీఎస్‌ల భక్తులు చూసుకుంటున్నారు.

కక్ష పాతదే. 1992లో 'బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్'తో డాల్బీ డిజిటల్ థియేటర్లకొస్తే, మరుసటేడు 'జురాసిక్ పార్క్' రాక్షసబల్లుల్ని వెంటేసుకుని డీటీఎస్ దిగింది. డీవీడీల్లో డాల్బీది సెకనుకు 448 కిలోబిట్లకు మించదు, డీటీఎస్‌ది 768, ఒక్కోదాంట్లో 1,509. ఇంకేం, మూడింతల అంకె కాబట్టి మూడింతలు గొప్పని తీర్పిచ్చేశారు. శబ్దాన్ని కుదించే పద్ధతులే వేరని ఎవరికి కావాలి? ఎక్కువ పెట్రోలు తాగే బండే ఎక్కువ దూరం పోతుందన్నట్టుంది లెక్క.

అసలు కిటుకు వేరే ఉంది. డాల్బీ ట్రాకులో మాటల స్థాయి ఎంతో చెప్పే గుర్తొకటి ఉంటుంది. దాన్ని చూసి రిసీవర్ చాలా సినిమాల్లో మొత్తం శబ్దాన్ని నాలుగు డెసిబెళ్ల దాకా తగ్గిస్తుంది. డీటీఎస్ ట్రాకు మాత్రం సాధారణంగా తగ్గదు. రిమోట్‌తో అటూ ఇటూ మార్చి, "చూశావా, డీటీఎస్‌లో ఆ పంచే వేరు" అనే పెద్దమనిషికి వినపడింది పంచ్ కాదు, వాల్యూమ్. సంతలో అరిచేవాడి సరుకే మంచిదనుకునే చెవులు మరి.

బ్లూరే వచ్చాకైనా గొడవ తీరాలి. డాల్బీ వారి ట్రూహెచ్‌డీ, డీటీఎస్ వారి డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో రెండూ ఒక్క బిట్టు పోనివ్వవు. ఒకే మాస్టర్ నుంచి చేసినవైతే విప్పాక వచ్చేది ఒకటే. అయినా అర్ధరాత్రి దాకా వాదన! అందులో ఒకాయన టీవీ నుంచి ఆప్టికల్ వైరు లాగి ట్రూహెచ్‌డీ మహిమ వర్ణిస్తుంటాడు. ఆ వైరులో ట్రూహెచ్‌డీ పట్టనే పట్టదు. ఆయన ఆనందం మాత్రం బాగానే పడుతుంది.

2012లో 'బ్రేవ్'తో డాల్బీ అట్మాస్ వచ్చాక భక్తి నేల విడిచి పైకప్పుకెక్కింది. "హెలికాప్టర్ మీ నెత్తిమీదే తిరుగుద్ది సార్" అంటాడు షాపతను. సౌండ్‌బార్ శబ్దాన్ని పైకి కొడితే, చదునైన కప్పుకు తగిలి కిందికి రావాలి. మన హాల్లో ఏముంది? మూడు మెట్ల ఫాల్స్ సీలింగ్, దాని నిండా లైట్లు, మధ్యలో ఫ్యాను. హెలికాప్టర్ దిగడానికి చోటేదీ? పైగా ఓటీటీలో వచ్చే అట్మాస్ ఎక్కువగా డాల్బీ డిజిటల్ ప్లస్ మూటలో, కొంత వదిలించుకుని వచ్చినదే.

ఇక మాటల సంగతి. డైలాగులు చాలావరకు పలికేది సెంటర్ స్పీకర్. దాన్ని షోకేసు అరలోకి తోసి, ముందు కొండపల్లి ఏనుగు అంబారీని నిలబెడతారు. వెనక స్పీకర్లలో ఒకటి సోఫా చాటున, రెండోది ఫ్రిజ్ నెత్తిన. నేలంతా నున్నటి టైల్సు, గోడలు బోడి, కర్టెన్లు పేరుకే. మాట పుట్టినచోట ఆగకుండా గదంతా తిరిగొస్తుంది. బాంబు పేలితే పక్క ఫ్లాటులో పసివాడు లేస్తాడు, హీరో నోరు విప్పితే ఇంటావిడ "ఏమన్నాడండీ?" అంటుంది.

తెలుగు సినిమాకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని, ఇంటాయన ఇప్పుడు 5.1 స్పీకర్ల సెట్టు వదిలేసి 7.1.4 కొనాలని చూస్తున్నాడు.