నేనున్నానుగా!

ఎల్‌కేజీ పిల్లల గ్రూప్ ఫొటోకి స్టూడియో అతన్ని పిలుద్దామని హెడ్‌మిస్ట్రెస్ అనేలోపే, పేరెంట్స్ మీటింగులో వెనక బెంచీ నుంచి ఒక చెయ్యి లేస్తుంది. "స్టూడియో ఎందుకండీ, దండగ! నేనున్నానుగా!" ఉద్యోగం ఏ బ్యాంకులోనో, కరెంటాఫీసులోనో. ప్రాణం మాత్రం వాయిదాల మీద కొన్న కెమెరాలో ఉంటుంది. పైసా అడగడు గనక ఎవరూ కాదనలేరు. ఉచితంగా చేస్తానన్నవాణ్ణి ఆపే నిబంధన ఏ స్కూల్లోనూ ఇంకా రాసుకోలేదు.

ఆ రోజు ఆయన జేబులే జేబులున్న జాకెట్ వేసుకుని, చంకలో ట్రైపాడ్‌తో దిగుతాడు. కెమెరాతో పాటు వచ్చిన జూమ్ లెన్సు సంచిలోనే ఉంటుంది గానీ బయటికి తియ్యడు. అది తెలియనివాళ్లు వాడేదట! వెనక గోడ మసగ్గా రావాలని 50 ఎంఎం లెన్సు తగిలిస్తాడు. చిక్కంతా ఇక్కడే. దగ్గరగా నిలబడితే మసక వస్తుంది, పిల్లలు సగం మందే వస్తారు. వెనక్కి వెనక్కి నడిస్తే పిల్లలంతా వస్తారు, మసక పోయి గోడ మీది ఫీజు బకాయిల నోటీసు అక్షరం అక్షరం చదువుకునేలా పడుతుంది. ముప్ఫై ఆరుగురినీ పట్టించాలంటే గేటు దాకా పోవాల్సిందే. అక్కణ్ణుంచి ఆయన అరుపు పిల్లలకి చేరదు. "నవ్వండి" అన్న మాటని వాచ్‌మన్ అందుకుని ఆయమ్మకిచ్చి, ఆవిడ పిల్లలకి చేరవేసేసరికి అది "నవ్వారంటే చూడండి!" అవుతుంది.

ఎండలో నిలబెడితే కళ్లు చికిలిస్తారని చదివాడు గనక అందర్నీ వేపచెట్టు కిందికి తోలుతాడు. ఆకుల సందుల్లోంచి పడ్డ ఎండకి ప్రతి ముఖమూ చిరుతపులి కూన ముఖమవుతుంది. మళ్లీ వరండాలోకి. ఇన్ని మకాములు మారేసరికి పౌడర్లు కారి, జడలు ఊడి, ఇద్దరు ఏడుపు లంకించుకుంటారు. అందులో ఒకడు ఆయన పుత్రరత్నమే.

ఈయన మనసులోని గురువు రాజా దీన్‌దయాళ్, ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు. 1902లో వరంగల్ ప్రాంతంలోని నెక్కొండ దగ్గర, వేటాడిన పులి పక్కన వైస్రాయి కర్జన్ దంపతులు నిలబడితే ఆయన తీసిన ఫొటో మనవాడి ఫోన్లో భద్రంగా ఉంటుంది. "ఏం కంపోజిషన్ మేడమ్!" అని టీచర్లకి చూపిస్తాడు. నిజమే. కాకపోతే వైస్రాయి "అంకుల్, వీడు గిల్లాడు" అనలేదు. పులి కూడా బాగా సహకరించింది.

కళ్లు మూసుకునే సమస్యకి ఈయన దగ్గర సైన్సు ఉంది. ఫొటోలో ఎవరూ రెప్ప వెయ్యకుండా ఉండాలంటే ఎన్ని తియ్యాలో లెక్కగట్టి, ఆస్ట్రేలియాకి చెందిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ 2006లో ఇగ్ నోబెల్ అనే సరదా బహుమతి కొట్టేశారు. మంచి వెలుతురులో మనుషుల సంఖ్యని మూడుతో భాగించాలి, వెలుతురు తక్కువైతే రెండుతో. అది ఇరవై మంది లోపు గుంపుకి చెప్పిన లెక్క. ఆ ముక్క మరిచిపోయి, ఈయన ముప్ఫై ఆరుని మూడుతో భాగించి పన్నెండు తీస్తాడు. తీసినందుకు ఒకదాంట్లో అందరి కళ్లూ తెరుచుకునే ఉంటాయి. ముప్ఫై ఆరు జతలూ గేటవతల గంట కొట్టుకుంటూ పోతున్న ఐస్ బండి వైపు!

"కదలొద్దు! ఫ్రీగా ఉండండి!" ఈ రెండు ఆజ్ఞలూ ఒకే ఊపిరిలో వస్తాయి. ముందు వరస చివర ఒక బుడ్డోడు చిటికెన వేలు పైకెత్తి నిలబడతాడు. కన్ను కెమెరాకి అంటించుకున్న ఈయన అదేదో పోజనుకుంటాడు. "బాబూ, వేలు దించు!" దించుతాడు. మళ్లీ ఎత్తుతాడు. "దించమన్నానా!" ఈసారి దించినవాడు ఇక ఎత్తడు. అవసరం తీరిపోయింది. ముందు వరస మొత్తం ఒక్కసారిగా పక్కకి జరుగుతుంది, ఆయమ్మ బకెట్టుతో వస్తుంది. ఈయన బాధల్లా వరస చెడిందనే.

స్టూడియో అతనైతే పొడుగువాళ్లని వెనక్కి నెట్టి, కిళ్లీ నముల్తూనే "ఒరేయ్, పొద్దున్న టిఫిన్ తిననోడు ఎవర్రా?" అంటాడు. "నేను తిన్నా!" అని క్లాసంతా అరిచేలోపు నొక్కేసి స్కూటరెక్కుతాడు. నా ఓటు అతనికే. అయినా ఈయన మీద కోపం రాదు. అతను ఏ పిల్ల పేరూ అడగడు. ఈయనకి మధ్యాహ్నానికల్లా ముప్ఫై ఆరు పేర్లూ నోటికొచ్చేస్తాయి, అరిచి అరిచి.

ఫొటో ఏదండీ అంటే "ప్రాసెసింగ్‌లో ఉంది" అంటాడు. దసరా సెలవులు అయిపోతాయి. సంక్రాంతి దాటాక, ఒక అర్ధరాత్రి వాట్సాప్ గ్రూపులో పడుతుంది. కింద మూల వంకర అక్షరాల్లో ఆయన పేరు, దాని పక్కన "ఫొటోగ్రఫీ" అని.

తెల్లారగానే ఒక తల్లి ఫోన్ చేస్తుంది. "అన్నయ్యగారూ, మా పాప కనపడట్లేదేంటండీ?"

"ఉందమ్మా, ఆ 'ఫొ' వెనకాలే ఉంది. ఓసారి పెద్దది చేసి చూడండి, రిబ్బను ఎంత షార్ప్‌గా వచ్చిందో!"