గుప్పెడు డబ్బాలో వెయ్యి వాట్లు

రామగుండం, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాలను తక్షణం మూసేయాలని ఏలినవారికి మనవి. సింగరేణిలో బొగ్గు తవ్వడం కూడా ఆపేయొచ్చు. ఇకమీదట కరెంటు పుట్టించే పని మొత్తం చేసిపెట్టే యంత్రం ఒకటి కోఠీ గుజరాతీ గల్లీలోనూ, బెజవాడ బీసెంట్ రోడ్డు మీదా, ఆన్‌లైన్‌లో అయితే అర్ధరాత్రీ అపరాత్రీ కూడా, 899 రూపాయలకే దొరుకుతోంది. దాన్ని పోర్టబుల్ బ్లూటూత్ స్పీకర్ అంటారు.

నమ్మకపోతే డబ్బా మీద రాతలు చదవండి. 20 వాట్ల శబ్దం. 24 గంటలు ఆగకుండా పాట. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో బ్యాటరీ 1200 ఎంఏహెచ్. ఈ లిథియం బ్యాటరీలు మామూలుగా 3.7 వోల్టులవి. 1200ని 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 4.44 వాట్-అవర్లు. లోపల పట్టే కరెంటు అంతే. మరి బయటికొస్తుందని రాసింది? 20 వాట్లు, 24 గంటలు, మొత్తం 480 వాట్-అవర్లు. దాదాపు అర యూనిట్. దాంతో 75 వాట్ల సీలింగ్ ఫ్యాను ఆరు గంటలకు పైగా తిరుగుతుంది. లోపలున్న 4.44తో అయితే మూడున్నర నిమిషాలు తిరిగి ఆగుతుంది. ఒకటి పెడితే నూట ఎనిమిది వస్తున్నాయన్నమాట. లెక్క చూశారా, అష్టోత్తరం! శక్తి పుట్టదు, నశించదు అని హైస్కూల్లో బెత్తం పట్టుకుని చెప్పిన సైన్సు మేస్టారు ఈ డబ్బాను చూడకుండానే రిటైరయ్యారు పాపం.

కంపెనీవాడి దగ్గర దీనికి జవాబు ఉంది. ఇరవై నాలుగు పక్కన ఒక చుక్క గుర్తుంటుంది. దాని వెనకే వెళ్తే, డబ్బా అడుగున "50 శాతం వాల్యూమ్ దగ్గర, వాడకాన్ని బట్టి మారవచ్చు" అని దొరుకుతుంది. సగం వాల్యూమ్ అంటే సగం పవర్ అనుకునేరు. అంతకన్నా చాలా తక్కువ. ఆ బ్యాటరీ 24 గంటలు నిలవాలంటే డబ్బా సగటున 0.185 వాటు మించి తాగకూడదు. బ్లూటూత్ చిప్పు తిండీ, మెరిసే లైట్ల తిండీ అందులోంచే పోవాలి. నిజంగానే 20 వాట్లు వాయిస్తే పదమూడు నిమిషాల్లో చార్జింగ్ అయిపోతుంది, మూడు పాటలైనా గట్టిగా పూర్తి కావు. కాబట్టి ఇరవై వాట్లైనా అబద్ధం కావాలి, ఇరవై నాలుగు గంటలైనా అబద్ధం కావాలి. రెండూ నిజమయ్యే వీలు లేదు. రెండూ అబద్ధమయ్యే వీలు మాత్రం పుష్కలంగా ఉంది.

ఈ వాట్ల వ్యాపారం ఇవాళ్టిది కాదు. తొంభైల్లో టూ-ఇన్-వన్, తర్వాత కంప్యూటర్ పక్కన పెట్టుకునే స్పీకర్లు కొన్నవాళ్లకు పీఎంపీవో అనే బీజాక్షరాలు గుర్తుండే ఉంటాయి. పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్. దాన్ని ఎలా కొలవాలో చెప్పే ప్రమాణం ఎక్కడా లేదు. రెప్పపాటులో ఎంత పైకి ఎగరగలదో ఊహించుకుని, ఆ శబ్దం చీలిందా, బొంగురుపోయిందా అని చూడకుండా, రెండు స్పీకర్లుంటే రెండుతో గుణించి, చివర మేనేజరుగారికి ముద్దొచ్చినన్ని సున్నాలు చుట్టేవారు. గోడకు తగిలించిన అడాప్టర్ పది వాట్లదే, డబ్బా మీద మాత్రం వెయ్యి వాట్లు. అమెరికాలో ఇళ్లలో వాడే ఆంప్లిఫయర్ల మీద ఇలాంటి గారడీ శ్రుతిమించితే, వాట్లు ఎలా కొలిచి ఎలా చెప్పాలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే నిబంధన పెట్టింది. మన దగ్గర పీఎంపీవోను ఎవరూ చంపలేదు. ఈమధ్య డబ్బాల మీద అదే కనపడకుండా తప్పుకుంది. ఇప్పుడు పీఎంపీవో అనీ ఉండదు, నిలకడగా ఇచ్చే పవర్‌ను చెప్పే ఆర్ఎంఎస్ అనీ ఉండదు. ఒట్టి "20 వాట్లు" అని మాత్రమే ఉంటుంది. ఇంటిపేరు చెప్పని పెళ్లికొడుకును అనుమానించే జాతి, ఇంటిపేరు లేని వాట్లను మాత్రం అక్షింతలు వేసి మరీ ఇంటికి తెచ్చుకుంటుంది.

పేరున్న కంపెనీలు చిన్న డబ్బాకు ఏం రాస్తాయో కూడా చూడాలి. జేబీఎల్ గో 3 అని అరచేతిలో పట్టే స్పీకర్ ఒకటుంది. దాని మీద కంపెనీ వేసుకున్న లెక్క 4.2 వాట్లు, ఐదు గంటలు. చదవగానే మనవాడి ముఖం వాడిపోతుంది. ఇంత డబ్బు పోసి నాలుగు వాట్లా? పక్క షాపులో తొమ్మిది వందలకే ఇరవై ఇస్తున్నాడే! లెక్క సరిగ్గా చెప్పినవాడు పేదవాడిలా కనిపించడం ఈ బజారు గొప్పతనం.

అసలు వాట్లు రెట్టింపైతే శబ్దం రెట్టింపవుతుందా అంటే, అదీ లేదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది మూడు డెసిబెల్స్. తేడా తెలుస్తుంది, అంతే. చెవికి రెండింతలు గట్టిగా వినిపించాలంటే పవర్ పదింతలు కావాలి. ఐదు వాట్ల డబ్బాకూ పది వాట్ల డబ్బాకూ మధ్య జరిగే కురుక్షేత్రమంతా ఆ మూడు డెసిబెల్స్ కోసమే.

ఇక బేస్. షాపువాడు ఏ ప్రాంతంవాడైనా ఇక్కడ భాష ఒకటే. "అన్నా, బేస్ చూడు, దిమ్మ తిరుగుతది." తిరుగుతుంది, నిజమే. బేస్ గిటార్ అట్టడుగు తీగ స్వరం దాదాపు 41 హెర్ట్జ్. ఆ స్వరం చెవికి ఆనాలంటే బోలెడంత గాలిని ముందుకూ వెనక్కూ తొయ్యాలి. నాలుగున్నర సెంటీమీటర్ల స్పీకర్ బిళ్ల ఎంత గాలిని తోస్తుంది? తొయ్యలేదు కనుక, లోపలి చిప్పు వంద హెర్ట్జ్ పైన ఎక్కడో ఒక ముక్కను పట్టుకుని ఉబ్బిస్తుంది. మనకు వినిపించే దబ్ దబ్ అదే. పెద్ద స్వరం కాదు, వాపు. ఆ వాపు కింద బాలు గొంతు నలిగిపోతుంది, మృదంగం ఎడమవైపూ కుడివైపూ ఒకేలా మోగుతుంది, డప్పు దరువు రేకు మీద వాన పడినట్టవుతుంది. కొన్నిటికి రెండు పక్కలా వణికే రబ్బరు మూతలుంటాయి. పాసివ్ రేడియేటర్లు అంటారు. డబ్బా మొత్తాన్నీ సరిగ్గా కడితే అవి బేస్‌కు నిజంగానే సాయపడతాయి. చవక డబ్బాల్లో వాటి పని కంటికి కనిపించడమే. చుట్టూ రంగురంగుల లైట్లు ఎందుకంటే, చెవికి తక్కువైంది కంటికి చెల్లించడానికి.

నీళ్ల సంగతి. ఐపీఎక్స్7 అంటే ఒక మీటరు లోతు మామూలు మంచినీళ్లలో అరగంట ముంచితే తట్టుకోవాలని పరీక్ష. మధ్యలో ఎక్స్ ఉందంటే దుమ్ముకు పరీక్ష పెట్టలేదని. సబ్బు నీళ్లకూ, స్విమ్మింగ్ పూల్ క్లోరిన్‌కూ, విశాఖ బీచ్ ఉప్పునీటికీ ఆ పరీక్షతో సంబంధం లేదు. నీళ్లలో వేసుకోండని డబ్బా మీద బొమ్మ ఉంటుంది, నీళ్లు తగిలితే వారంటీ చెల్లదని లోపల మడతపెట్టిన కాగితంలో ఉంటుంది. బొమ్మ వేసినవాడూ కాగితం రాసినవాడూ ఒకే కంపెనీ ఉద్యోగులు.

బ్లూటూత్ 5.3 అని పెద్దక్షరాల్లో రాస్తారు. ఈ ధరలో పాట ఫోన్ నుంచి డబ్బాకు వెళ్లే దారి చాలావరకు పాతదే. అంకె పెరిగినంత మాత్రాన గొంతు మారదు. ముందుకు పోదాం.

కాదు, ఒక్కమాట. స్విచ్ నొక్కగానే లోపలినుంచి ఒక అమ్మాయి "ద బ్లూతూత్ దివైస్ ఈజ్ రెదీ తు పెయిర్" అని ఊరంతా వినేలా అరుస్తుంది. తెల్లవారుజామున సుప్రభాతం వేద్దామనుకున్నవారి ఇంట వేంకటేశ్వరస్వామి కంటే ముందు పక్కింటాయన మేలుకుంటాడు. ఆ గొంతు తగ్గించే బటన్ చాలా డబ్బాలకు ఉండదు. పాట మధ్యలో ఫోనొస్తే లోను కిస్తీ అడిగేవాడి గొంతు హాల్లో వియ్యాలవారి ముందు ఎంత స్పష్టంగా పలుకుతుందో! నిజం చెప్పాలంటే ఈ డబ్బాలు బాగా వినిపించేది మాట ఒక్కటే.

ధరకు వద్దాం. 4,999 కొట్టేసి 899. ఎనభై రెండు శాతం తగ్గింపు. ఎమ్మార్పీకి మించి అమ్మకూడదని చట్టం ఉంది. ఇలాంటి సరుకు మీద ఎమ్మార్పీ ఇంతకు మించి వేసుకోకూడదని చట్టం లేదు. అందుకని ఎవరూ ఎన్నడూ పెట్టని ధర ఒకటి అచ్చువేసి, దాన్ని ఎర్రగీతతో కొట్టేయడం కోసమే పెంచుతారు. పక్కనే "ఇంకా రెండే మిగిలాయి" అని గడియారం పరిగెడుతూ ఉంటుంది. ఇలా లేని తొందర పుట్టించడం కూడా కొనేవాణ్ని మోసగించే ఎత్తుగడేనని కేంద్రం 2023 నవంబరులో పదమూడు రకాల డార్క్ ప్యాటర్న్స్ జాబితాలో చేర్చి నిషేధించింది. ఆ రెండూ మాత్రం ఇంకా అమ్ముడుపోలేదు. నెల తర్వాత చూసినా రెండే మిగిలి ఉంటాయి.

రివ్యూలు చదివి కొంటామంటారా? చదవండి. "ప్యాకింగ్ బాగుంది, ఐదు చుక్కలు." "నిన్ననే వచ్చింది, ఇంకా వాడలేదు, సూపర్." "మా అబ్బాయికి రంగు నచ్చింది." డబ్బాలోనే ఒక చీటీ, ఐదు చుక్కలిచ్చి ఫొటో పంపితే వంద రూపాయలు వాపసు అని. ఆన్‌లైన్ రివ్యూలు ఎలా సేకరించాలో, ఎలా ప్రచురించాలో చెబుతూ భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022లో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది. పాటించడం వాళ్ల వాళ్ల ఇష్టానికి వదిలేసింది. ఇష్టాలు ఎలా ఉన్నాయో ఆ చుక్కలే చెబుతున్నాయి.

మనమూ తక్కువ తినలేదు. రైతుబజారులో పావుకిలో వంకాయల కోసం ఒక్కో కాయనూ తిప్పి, తొడిమ చూసి, పుచ్చు ఉందేమోనని కాంతికి పట్టుకుని చూసే మనిషి, వెయ్యి రూపాయల స్పీకర్‌ను చెవికి వినిపించకుండానే కొంటాడు. వింటే కొనడేమోనని అమ్మేవాడికి భయం. విని అడగాలంటే కొనేవాడికి మొహమాటం. ఈ రెంటి మధ్యా అంకెలు దళారులై కూచున్నాయి. వినడానికి కొంటున్న వస్తువును చదివి కొనే అలవాటు మనకుంది గనకే వాట్లు పెరుగుతున్నాయి. 20 రాసినవాడి పక్కన 40 రాసినవాడు వస్తాడు. సిరా ఖర్చు ఇద్దరికీ ఒకటే.

వెయ్యి, రెండు వేలల్లో మంచివి లేవని కాదు. ఉన్నాయి. చిన్న గదికి, మేడ మీద నలుగురు కూచున్న చోటుకు సరిపోతాయి. పెళ్లి ఊరేగింపుకు సరిపోవు, ఆ మాట ఎవడైనా అన్నాడంటే వదిలేయండి. పెన్‌డ్రైవ్ పెట్టుకునే చోటు ఉందో లేదో చూడండి. ఆ సదుపాయాన్ని నేను ఎగతాళి చెయ్యను. టిఫిన్ బండివాడికీ, కుట్టుమిషన్ ముందు కూచునే ఆవిడకూ, ఫోను జోలికి పోని అమ్మమ్మకూ 5.3 కంటే అదే పనికొస్తుంది. ఒకే బిళ్ల ఉన్న డబ్బా మీద "స్టీరియో" అని రాసుంటే మిగతా రాతలు చదవక్కర్లేదు. బ్లూటూత్ స్పీకర్లకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. "ఆర్" అక్షరంతో మొదలయ్యే ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. అది భద్రతకు గుర్తు గానీ పాట బాగుంటుందన్న హామీ కాదు. కానీ ఆ నంబరే దొంగదైతే వాట్ల గురించి మాట్లాడుకోవడం అనవసరం.

కుదిరితే షాపుకే వెళ్లండి. వందసార్లు విన్న పాటనే మీ ఫోన్లోంచి పెట్టండి, వాడు పెట్టే డీజే ముక్క వద్దు. ముందు బాగా తక్కువ వాల్యూమ్‌లో సాహిత్యం తెలుస్తోందా చూడండి. తర్వాత పూర్తిగా పెంచి, గొంతు చీలుతోందా, డబ్బా బల్ల మీద జరజరా పాకుతోందా చూడండి. ఒక్క నిమిషం కూడా వినిపించనంటే లేచి వచ్చేయండి. మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ లేని వారంటీ ఎన్నేళ్లదైనా ఒకటే. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు వాపసు గడువు దాటకముందే ఈ పరీక్ష ఇంట్లో పెట్టుకోండి. బిల్లు పారేయకండి. మాట తప్పిన డబ్బా మీద ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.