199వ బల్బు

ఏమీ చదవనివాడితో గొడవ లేదు, అంతా చదివినవాడితోనూ లేదు. సగం చదివి ఫ్యాక్టరీలో అడుగుపెట్టినవాడితోనే చిక్కు. ఆ ఘనుణ్ణి నేనే.

మహేశ్వరంలో ఎల్‌ఈడీ బల్బులు బిగించే చిన్న యూనిట్లో సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు, రోజుకూలి తీసేయించి బల్బు లెక్కన కూలి పెట్టించాను. ఇంజినీర్ ఫ్రెడరిక్ టేలర్ 1895లో ఒక వ్యాసంలో చెప్పిన పద్ధతి: టార్గెట్ అందుకుంటే మొత్తం పనికీ పెద్ద రేటు, అందకపోతే మొత్తానికీ చిన్న రేటు. 200 చేస్తే బల్బుకి 3 రూపాయలు, ఒక్కటి తగ్గినా 2. అంటే 200కి 600, 199కి 398. ఆఖరి బల్బు ఒక్కటే 202 రూపాయలు! బోర్డు మీద రాసిన నాకు తట్టలేదు గానీ, మంఖాల్ నుంచి ఆటోలో వచ్చే ఆడవాళ్లకు తొలిరోజే తట్టింది.

మధ్యాహ్నానికి వెనకబడినవాళ్లు ఎలాగూ అందదని చెయ్యి నెమ్మది చేసేవారు. ముందున్నవాళ్లు మిగులు బల్బులు రేపటి లెక్కకని దాచేవారు. అంచున ఉన్నవాళ్లు సాయంత్రం ఆదరాబాదరా పెట్టిన టంకం మెరవాల్సింది పోయి బూడిదరంగులో గరుగ్గా తేలేది. ఆ బల్బు టెస్టింగ్‌లో బాగానే వెలిగేది, ఇంటికెళ్లాక మిణుకుమనేది.

కొత్తపిల్లలకు పని నేర్పే పెద్దక్క నేర్పడం మానేసింది. ఎందుకని నిలదీస్తే, “నేర్పుకుంట కూసుంటే నా రెండొందలు ఎవరు జేస్తరు సారూ?” అంది. ఆమె నేర్పే పనికి నా బోర్డు మీద రేటే లేదు.

చిన్న రేటు పడినవాళ్లకు రోజుకి కనీస వేతనం కన్నా తక్కువ వస్తోందని అకౌంటెంటు చెప్పేదాకా నాకు తెలియదు. పీస్ రేటైనా సరే అంతకు తగ్గకూడదని అప్పట్లో అమల్లో ఉన్న 1948 నాటి కనీస వేతనాల చట్టం 17వ సెక్షన్ చెప్పేది.

ఇంత జరిగినా బుద్ధి రాలేదు. కొందరు బాగా సంపాదిస్తున్నారని పెద్ద రేటు కోయించాను. రేటు కోస్తారన్న భయంతోనే కార్మికులు కావాలని పని సాగదీస్తారని టేలర్ అదే వ్యాసంలో రాశాడు. నేను చదవని సగం అదే.

చివరికి రోజుకూలే మళ్లీ పెట్టి, టెస్టింగ్ దాటిన సరుకు మీద అందరికీ సమానంగా బోనస్ కలిపాం. అది ప్రకటించినప్పుడు చప్పట్లు కొడతారనుకున్నాను. పెద్దక్క అడిగింది: “దీన్నెప్పుడు కోస్తరు సారూ?”