సిగ్నల్ దగ్గర వినపడే కారు కావాలంటే

స్పోర్ట్స్ కారుకి క్యామ్‌షాఫ్ట్ మార్పిద్దామని ఎవర్ని సలహా అడిగినా ముందు హార్స్‌పవర్ సంగతే ఎత్తుతారు. ఎంత పెరుగుతుందో, ఏ ఆర్‌పీఎం దగ్గర పెరుగుతుందో, డైనో కాగితం మీద గీత ఎక్కడిదాకా లేస్తుందో చెబుతారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఐడ్లింగ్ మాత్రం కాస్త పాడవుతుంది, సర్దుకోవాలి" అంటారు. ఆ వరస తిరగేయమని నా సలహా. ముందు ఐడ్లింగ్ ఎంత పాడవ్వాలో తేల్చుకోండి. దాన్నిబట్టి క్యామ్ ఎంచుకోండి. హార్స్‌పవర్ ఎంత వస్తే అంతే చాలు.

మీ కారు రోజంతా ఏం చేస్తుందో చూడండి. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్న ఒక సీ5 కార్వెట్‌ని తీసుకుందాం. అది 6,000 ఆర్‌పీఎం చూసేది ఫ్రీవే ఎక్కే ర్యాంపు మీద, అదీ కొన్ని క్షణాలు. మిగతా బతుకంతా సిగ్నళ్ల దగ్గర, పార్కింగ్ లాట్లలో, ఇంటి ముందు డ్రైవ్‌వేలో. డబ్బు పెట్టేది మనం రోజూ ఉండే చోట పెట్టాలి కదా!

1997 నుంచి 2004 దాకా వచ్చిన ఆ సీ5లో ఉండేది 5.7 లీటర్ల ఎల్ఎస్1 వీ8 ఇంజన్, మొదట్లో 345 హార్స్‌పవర్. కంపెనీ పంపినట్టే ఉంటే న్యూట్రల్‌లో అది ఎంత నున్నగా తిరుగుతుందంటే, ఇంజన్ ఆగిందేమోనని మీటరు వైపు చూడాల్సి వస్తుంది. ఆ నునుపు కోసం ఇంజనీర్లు చాలా కష్టపడ్డారు. వాళ్ల పనితనానికి నమస్కారం. అయినా దాన్ని తీసేయించమనే చెబుతాను.

ఐడ్లింగ్ ఎందుకు పాడవుతుందో తెలియకుండా క్యామ్ కొనకండి. ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర, ఇన్‌టేక్ స్ట్రోక్ మొదట్లో, పిస్టన్ పైన ఉన్నప్పుడు రెండు వాల్వులూ కాసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. దాన్నే ఓవర్‌ల్యాప్ అంటారు. ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు ఇది మేలే చేస్తుంది. బయటికి దూసుకుపోయే ఎగ్జాస్ట్ తన వెనకే కొత్త గాలిని లోపలికి లాగుతుంది. ఐడ్లింగ్‌లో కథ అడ్డం తిరుగుతుంది. థ్రాటిల్ మూసి ఉంటుంది కాబట్టి మ్యానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ గట్టిగా ఉంటుంది. అది కాలిపోయిన పొగని వెనక్కి, ఇన్‌టేక్ వైపుకి పీల్చేస్తుంది. తర్వాతి విడతలో సిలిండర్‌లోకి వెళ్లేది కొత్త గాలీ పెట్రోలూ మాత్రమే కాదు, పాత పొగ కలిసిన మిశ్రమం. అది ఒకసారి బాగా మండుతుంది, ఒకసారి మెల్లగా మండుతుంది, ఒకసారి అసలు అంటుకోదు. వేగం పడిపోతుంది. అంతలో ఇంకో సిలిండర్ గట్టిగా అందుకుంటుంది, ఇంజన్ తేరుకుంటుంది. పడటం, లేవడం, మళ్లీ పడటం. అమెరికాలో లోప్ అని పిలిచే కుంటు నడక ఇదే. అసలే ఎల్ఎస్ ఇంజన్ ఫైరింగ్ ఆర్డర్ 1-8-7-2-6-5-4-3. కుడివైపు 2, 6 వరసగా పేలతాయి, ఎడమవైపు 3, 1 వరసగా పేలతాయి. ఆ ఎగుడుదిగుడు దరువుకి ఈ కుంటు తోడైతేనే ఆ శబ్దం పుడుతుంది.

దుకాణంవాడి మాట మీద ఆధారపడకండి. క్యామ్‌తో వచ్చే కార్డు మీద అంకెలుంటాయి, లెక్క మీరే వేయండి. 0.050 అంగుళాల లిఫ్ట్ దగ్గర ఇన్‌టేక్ డ్యూరేషన్, ఎగ్జాస్ట్ డ్యూరేషన్ కలిపి నాలుగుతో భాగించండి. అందులోంచి లోబ్ సెపరేషన్ తీసేసి, మిగిలినదాన్ని రెట్టింపు చేయండి. వచ్చేదే డిగ్రీల్లో ఓవర్‌ల్యాప్. 2002 కార్వెట్ జెడ్06లో వచ్చిన ఎల్ఎస్6 క్యామ్ 204, 218 డిగ్రీలు, సెపరేషన్ 117.5. లెక్క వేస్తే మైనస్ 24. అంటే ఐడ్లింగ్ పట్టులా ఉంటుంది. జీఎం తానే అమ్మిన హాట్ క్యామ్ 219, 228, సెపరేషన్ 112. ఇది దాదాపు సున్నా. కుంటు మొదలవుతుంది, పక్కన కూర్చున్నవాళ్లు గుర్తుపడతారు. 228, 232 డ్యూరేషన్‌తో సెపరేషన్ 112 అయితే ప్లస్ 6. అదే 110 అయితే ప్లస్ 10. సెపరేషన్ 114 ఉన్న క్యామ్ తీసుకోమని ట్యూనర్లు చెబుతారు. రోడ్డు మీద మర్యాదగా ఉంటుందని వాళ్ల వాదన, అది నిజమే. మీరు మాత్రం 110 అడగండి.

ఇదేదో కొత్త పిచ్చి కాదు. 1967-69 కమారో జెడ్/28లోని 302 ఇంజన్‌కి సాలిడ్ లిఫ్టర్లు, 0.030 అంగుళాల వాల్వ్ సందుతో "30-30" అనే క్యామ్ ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. 1967లో కార్వెట్ ఎల్88 కొన్నవాళ్లకి రేడియో లేదు, హీటర్ లేదు. ఉన్నదల్లా సిగ్నల్ దగ్గర ఒక్కచోట నిలవలేని 427 ఇంజన్. దాన్ని కంపెనీవాళ్లే అమ్మారు. రోటరీ ఇంజన్ల వాళ్లైతే ఈ విషయంలో మనకంటే ఎప్పుడూ ముందే ఉన్నారు. మాజ్దా ఆర్ఎక్స్-7 గోడల్లో బ్రిడ్జ్ పోర్ట్ అనే అదనపు గాలి దారి కోయించుకునేవాళ్లు ఐడ్లింగ్ గురించి క్షమాపణ చెప్పరు, దాన్నే చూపించుకుంటారు.

క్యామ్ ఒక్కటే మార్చి ఊరుకోకండి, దానితోపాటు ఫ్లైవీల్ కూడా తేలికైనది వేయించండి. బరువైన ఫ్లైవీల్ ఒక పేలుడు నుంచి ఇంకో పేలుడు దాకా వేగాన్ని నిలబెడుతుంది. తేలికైనది నిలబెట్టదు, కాబట్టి ప్రతి తడబాటూ పైకి తెలుస్తుంది. సీ5లో గేర్‌బాక్స్ వెనక ఉంటుంది, మధ్యలో టార్క్ ట్యూబ్ ఉంటుంది, అందుకని న్యూట్రల్‌లో గేర్ల గలగల కూడా వస్తుంది. రానివ్వండి. రబ్బరు ఇంజన్ మౌంట్లు తీసేసి పాలీయురెథేన్‌వి వేస్తే ఇంజన్‌లో ఏమీ మారదు, కానీ ఆ వణుకు సీటుదాకా వస్తుంది. డబ్బు తక్కువ, ఫలితం ఎక్కువ.

ట్యూనింగ్ దగ్గర మాత్రం గట్టిగా నిలబడాలి. ట్యూనర్ ఐడ్లింగ్‌ని 950కి పెంచుదామంటాడు. వేగం పెరిగితే సిలిండర్‌లో మిగిలే పాత పొగ వాటా తగ్గుతుంది, ఇంజన్ కుదుటపడుతుంది. దానికోసమా ఇంత ఖర్చు పెట్టింది! ఎంత తక్కువలో ఆగిపోకుండా నిలుస్తుందో అక్కడే పెట్టమనండి. 800 దగ్గర నిలబడితే మహదానందం. ఆ పరీక్ష మధ్యాహ్నం ఎండలో, ఏసీ పూర్తిగా వేసి చేయించండి. పొద్దున్న చల్లదనంలో సరిగ్గా నిలిచిన ఇంజన్ ఏసీ కంప్రెసర్ బరువు పడగానే ఆగిపోవచ్చు. ఆక్సిజన్ సెన్సర్ సంగతి కూడా అడగండి. మండకుండా బయటికొచ్చిన గాలిని చూసి అది పెట్రోలు తక్కువైందనుకుంటుంది, కంప్యూటర్ ఇంకా పోస్తుంది, ఐడ్లింగ్ ఇంకా బరువెక్కుతుంది, కళ్లు మండుతాయి. ఆ దిద్దుబాటుకి హద్దు పెట్టడం తెలిసిన ట్యూనర్ దగ్గరికే వెళ్లండి. మొదటి, రెండో గేర్లలో 1,500 ఆర్‌పీఎం దగ్గర కారు ఎగిరెగిరి పడుతుంది. క్లచ్ నొక్కడం నేర్చుకోండి.

ఘోస్ట్ క్యామ్ జోలికి మాత్రం వెళ్లొద్దు. క్యామ్ మార్చకుండా, కంప్యూటర్‌లో స్పార్క్ టైమింగ్‌ని అటూ ఇటూ లాగి అదే శబ్దం తెప్పిస్తామంటారు. తక్కువ ఖర్చు, ఒక పూటలో పని. కానీ లోపల ఓవర్‌ల్యాప్ లేదు, పీల్చుకున్న పొగ లేదు, తడబడటానికి కారణమే లేదు. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ చేత కుంటున్నట్టు నటింపజేయడం ఆ యంత్రానికి అవమానం. నునుపైన ఐడ్లింగ్‌ని అలాగే ఉంచుకున్నా గౌరవంగా ఉంటుంది.

బ్రేకుల దగ్గర మాత్రం బేరం లేదు. మామూలు ఇంజన్ ఐడ్లింగ్‌లో 18 నుంచి 20 అంగుళాల వ్యాక్యూమ్ ఇస్తుంది. పెద్ద క్యామ్ వేశాక అది 10, 12కి పడిపోవచ్చు. బ్రేక్ బూస్టర్ పనిచేసేది ఆ వ్యాక్యూమ్ మీదే. పార్కింగ్‌లో వెంటవెంటనే రెండు మూడుసార్లు పెడల్ తొక్కితే గట్టిపడిపోతుంది. వ్యాక్యూమ్ గేజ్ పెట్టి కొలిపించండి, తక్కువైతే ఎలక్ట్రిక్ వ్యాక్యూమ్ పంపు వేయించండి. అది వేశాక గానీ కారు గేటు దాటకూడదు. వాల్వ్ స్ప్రింగుల విషయమూ ఇంతే. పాత స్ప్రింగులతో పెద్ద క్యామ్ తిప్పితే ఏదో ఒక రోజు వాల్వ్ పిస్టన్ మీద పడుతుంది. ఓవర్‌ల్యాప్ పెరిగినకొద్దీ వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య సందు తగ్గుతుంది కాబట్టి, మూత బిగించేముందు ఆ సందుని కొలవాల్సిందే.

చట్టం సంగతి ఊరిని బట్టి ఉంటుంది. టెక్సస్‌లో 2025 నుంచి సొంత కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, కానీ డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంది. కాలిఫోర్నియాలో అయితే ఎయిర్ రిసోర్సెస్ బోర్డు అనుమతి నంబరున్న భాగాలే వేయించాలి. ఆ అనుమతి ఉన్న క్యాముల్లో ప్లస్ 10 దొరకడం కష్టం. అక్కడున్నవాళ్లు దొరికినదాంట్లో అన్నిటికంటే ఎక్కువ ఓవర్‌ల్యాప్ ఉన్నది తీసుకోండి, లేదా కారుని ట్రాక్‌కే పరిమితం చేసుకోండి.

క్యామ్ కార్డుని, వాల్వ్ సందు కొలతల్ని, ట్యూన్ ఫైలు కాపీని ఒకచోట భద్రంగా దాచండి. రేపు ఇంకో ట్యూనర్ మీ ఐడ్లింగ్ విని ఏదో పాడైందనుకుని బాగుచేయబోతే, ముందు ఆ కార్డు చూపించండి.