మందు సిద్ధం, జబ్బు వెతకండి

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను మన ఆరోగ్య పథకాలు రాసేవాళ్లు ఎగతాళి అనుకోలేదు, పనిపద్ధతి అనుకున్నారు. ముందు పథకానికి పేరు పెడతారు. పేరుకు తగ్గ బొమ్మ, బొమ్మకు తగ్గ ఫ్లెక్సీ, ఫ్లెక్సీకి తగ్గ బడ్జెట్ వాటంతటవే వస్తాయి. మార్చి నెలాఖరులో ఎవరో కుర్ర అధికారి గొంతు సవరించుకుంటాడు: "సార్, ఊళ్లో అసలు ఏం జబ్బులున్నాయో ముందు సర్వే చెయ్యాలట." "చేసేద్దాంలేవయ్యా, దానికేముంది?" అంటారు పెద్దసారు. వారంలో చేసేస్తారు కూడా. ఏ మందు కొన్నారో ఆ జబ్బే ఊరంతా ఉన్నట్టు తేలుతుంది. ఇంత గురిగా జోస్యం చెప్పే జ్యోతిష్కుడు ఇంకా పుట్టలేదు.

అసలు అడగరని కాదు. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ల ముప్పు ఎంతుందో లెక్కకట్టడానికి ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి ఒక ఫారం నింపుతుంది. అందులో ఓ ప్రశ్న: వారానికి కనీసం 150 నిమిషాలు శారీరక శ్రమ చేస్తారా? జూబ్లీహిల్స్‌లో బంగారంలాంటి ప్రశ్న. తెల్లారకముందే లేచి వంట చేసి, పగలంతా వంగి నాట్లేసి, పొద్దుగూకాక కట్టెలమోపుతో ఇల్లు చేరిన మనిషి మాత్రం ఇది విని ఆశా మొహంలోకి చూస్తుంది. ఆశా కూడా ఆ బతుకే బతికిన మనిషి కాబట్టి ఇద్దరూ నవ్వుకుంటారు. ఆవిడకు నొప్పి నడుములో, ఫారానికి కావాల్సింది నడుం చుట్టుకొలత! షుగరు పల్లెలకూ పాకిందన్నది నిజమే, ఫారాన్ని తప్పుపట్టలేం. అదొక్కటీ నింపి ఊరి ఆరోగ్యమంతా మాకు తెలిసిపోయిందనడమే చోద్యం.

ఇక పాడేరు ఏజెన్సీకి వెళ్దాం. ఉపకేంద్రం మైదానంలో 5,000 మందికి ఒకటి, కొండ ప్రాంతాల్లో 3,000 మందికి ఒకటి అని లెక్క. రెండువేల తలకాయలు తగ్గించడం కొండకు మనం చేసిన సన్మానం. మధ్యలో ఎన్ని గెడ్డలు దాటాలన్నది మాత్రం ఏ లెక్కలోకీ రాలేదు. 108 అంబులెన్స్ 2005లో వచ్చింది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో నిండుచూలాలిని డోలీలో రోడ్డుదాకా మోసుకొచ్చారన్న వార్తలు మనం ఇంకా చదువుతూనే ఉన్నాం. నీకేం కావాలని ఆ గూడేన్ని అడిగితే రోడ్డంటుంది. రోడ్డు వైద్య ఆరోగ్య శాఖది కాదు, కాబట్టి అది ఆరోగ్య సమస్య కాదు. అందుకని ఆసుపత్రి కాన్పు ఎంత మంచిదో అవగాహన సదస్సు పెడతారు. డోలీ మోసేవాళ్లకు కూడా ఓ సదస్సు పెడితే వాళ్లూ ఇంకాస్త అవగాహనతో మోస్తారు.

పెద్ద పెద్ద సంస్థలూ ఈ విద్యలో తక్కువ తినలేదు. చెరువు నీళ్లు తాగి జనం విరేచనాలతో పోతున్నారని 1970లలో బంగ్లాదేశ్‌లో యునిసెఫ్ సాయంతో ఊరూరా గొట్టపుబావులు వేశారు. ఉద్దేశం మంచిదే. ఆ నీళ్లలో ఆర్సెనిక్ ఉందేమో చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు. 1993లో సంగతి బయటపడేసరికి కోట్లమంది ఆ నీళ్లకే అలవాటుపడ్డారు. నల్గొండ ఫ్లోరైడ్ నేలలో బోరు మీద బోరు దింపిన మనం వాళ్లను చూసి నవ్వకపోవడం మర్యాద.

ఊరి ఆరోగ్య ప్రణాళిక ఊరే రాసుకోవాలని 2005లో మొదలైన గ్రామీణ ఆరోగ్య మిషన్ చక్కగా చెప్పింది. గ్రామ కమిటీలు పెట్టమంది, ఏటా 10,000 రూపాయలు ఇస్తానంది. చాలాచోట్ల ఆ కమిటీకి మిగిలిన పని రిజిస్టర్‌లో సంతకం. ఊరి ప్రణాళిక ఊరు రాయకముందే పైనుంచి దిగుతుంది, గడులతో సహా. నీళ్లు, రోడ్డు, సారా, దోమలు, పొద్దున కూలికి పోయే వేళకు తెరుచుకోని ఆసుపత్రి, అన్నీ ఆఖరున ఉండే "ఇతరములు" అన్న ఒక్క గడిలో ఇరుక్కుంటాయి. కంప్యూటర్ ఎలాగూ ఆ గడిని కూడదు. దాన్ని కూడా తీసేస్తే సర్వే వారం కాదు, ఒక్క పూటలో అయిపోతుందని ప్రభుత్వానికి ఉచితంగా సలహా ఇస్తున్నాను.